ఎడమ పక్కన వెండెల్

పక్క బల్ల వాళ్ళు ఇంకా తేల్చలేదు. మా బల్ల మీద ఆట ఎప్పుడో అయిపోయింది, మాకు పంచే మారిసోల్ పేక ముక్కలు కలిపి పెట్టుకుని చేతులు కట్టుకు కూర్చుంది, పంచడానికి వీల్లేదు. రెండు బల్లల మీదా కలిపి పోటీలో పదకొండు మందిమి మిగిలాం, బహుమతులు పదిమందికి. ఇంకొక్కడు పోతే మిగతా అందరికీ ఎంతో కొంత ముడుతుంది, ఆ పోయినవాడికి మాత్రం పొద్దుటి నుంచి కూర్చున్నందుకు నడుం నొప్పి మిగులుతుంది. అందుకే ఇక్కడిదాకా వచ్చాక ప్రతివాడూ తన ఆట నాన్చుతూ పక్క బల్ల వైపు మెడ సాచి చూస్తాడు, ముందు అక్కడెవడైనా పోతే బాగుండునని. ఆ నాన్చుడు సాగకుండా రెండు బల్లలూ ఒక్కో ఆట ఆడి, ఒకదాని కోసం ఒకటి ఆగాలని కట్టడి పెట్టారు. నాకు ఆగడం కొత్త కాదు. ఈ రీనో ఊళ్ళో జూదశాలలో ముప్పై ఏళ్ళు మారిసోల్ కూర్చున్న కుర్చీలాంటి కుర్చీలో కూర్చుని ఇతరులకి ముక్కలు పంచాను, ఇతరులు ఓడినవి ఇతరులకి తోశాను, బల్ల వదిలి లేచేటప్పుడల్లా ఒక్కసారి చప్పట్లు కొట్టి, అరచేతులు పైకీ కిందికీ తిప్పి పైకప్పులోని కెమెరాకి చూపించాను, నేనేమీ దాచలేదు బాబూ అని. ఇంట్లో భోజనం బల్ల దగ్గర్నుంచి లేచినా చేతులు అలాగే తిరిగేవి. "చెంచాలు లెక్క సరిపోయాయిలే, వెళ్ళు" అనేవాడు వెండెల్. ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇటు వైపు కూర్చున్నాను, ఒళ్ళో అల్లిక, ముక్కు మీద కళ్ళజోడు. ఈ గదిలో నా అంత దొంగ ఇంకోడు లేడు.

దొంగతనం అంటే కొత్తవాళ్ళు నవ్వుతారు గానీ ఈ పోకర్ ఆటలో దాన్ని అలాగే అంటారు. ప్రతి ఆటలోనూ ఇద్దరు తమ ముక్కలు కంటితో చూడకముందే పందెం కాయాలి, ఒకడు చిన్నది, వాడి ఎడమ పక్కవాడు దానికి రెట్టింపు; చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు. వంతులవారీగా అందరి మీదా పడుతుంది, పొద్దు గడిచే కొద్దీ పెరుగుతుంది. మంచి ముక్కలు వచ్చినప్పుడు ఆడదాంలే అని బుద్ధిగా కూర్చున్నవాణ్ణి ఈ బ్లైండ్లే కూర్చోబెట్టి తినేస్తాయి. కాబట్టి ముందువాళ్ళంతా ముక్కలు పారేసి వంతు నా దాకా వచ్చిందంటే, చేతిలో ఉన్నా లేకపోయినా ఉన్నట్టే పందెం బిళ్ళలు ముందుకు తోస్తాను. బ్లైండు పెట్టినవాడు ఎందుకొచ్చిన గొడవ అని పారేస్తాడు, అవి నావైపు వస్తాయి. ముక్కలు చూసుకోవడం ఆఖరి పని. ముందు ఎడమ పక్క చూడాలి. ఎవడు ముక్కల్ని వేళ్ళ కొసల్తో పట్టుకుని పారేయడానికి సిద్ధంగా ఉన్నాడు, ఎవడు వాటి మీద బిళ్ళ పెట్టి కాపు కాస్తున్నాడు. బాగా బలిసినవాడి జోలికి పోకూడదు, వాడు సరదాకి కూడా పందెం కలిపి ముక్కలు చూస్తానంటాడు. మరీ చితికినవాడి జోలికీ పోకూడదు, వాడికి పోయేదేం లేదు. మధ్యలో ఉన్నవాణ్ణి దోచుకోవాలి, కాస్త ఉన్నవాణ్ణి, ఆ కాస్త పోతుందేమోనని భయపడేవాణ్ణి. బొమ్మలున్నా బూడిదున్నా తోసేది ఒకేలా తోయాలి, అదే చేయి, అదే జోరు. ఎదుటివాడు తిరగబడితే పౌరుషానికి పోకుండా వదిలెయ్యాలి, పట్టుబడ్డ దొంగ వాదించకూడదు. అల్లిక అల్లుకునే ముసలమ్మ దొంగ అని ఎవరికీ తట్టదు కదా, ఆ సౌకర్యం వయసు ఇచ్చింది, దాన్నెందుకు కాదనాలి.

ఇవన్నీ నాకు నేర్పింది వెండెల్. వంటింటి బల్ల మీద, ఎండు చిక్కుడు గింజలు బిళ్ళలుగా పెట్టి. అప్పుడు మేం మొగుడూ పెళ్ళాలం. ఇప్పుడు కాదు, తొమ్మిదేళ్ళయింది. ఇవాళ చీటీ తీస్తే ఆయనకి సరిగ్గా నా ఎడమ పక్క కుర్చీ వచ్చింది, అంటే నేను చిన్న బ్లైండు పెట్టిన ప్రతిసారీ పెద్ద బ్లైండు ఆయనది, అంటే నేను దోచుకోవలసిన మనిషి ఆయనే. నేర్పడం నేర్పాడు గానీ ఆయన్ని మాత్రం దోచుకోనిచ్చేవాడు కాదు. చేతిలో చెత్త ఉన్నా సరే, నా బ్లైండు నాది, రా చూద్దాం అనేవాడు. గింజలకే అంత. మౌంట్ రోజ్ దారి మీద ప్రభుత్వం వారి మంచు తోసే బండి నడిపేవాడు, వెనక ఎన్ని కార్లు హారన్లు కొట్టినా పక్కకి తప్పుకునేవాడు కాదు, ఇంటికొచ్చాక కూడా బండి దిగినట్టుండేది కాదు. కిటికీ తెరిచి ఉండాలా మూసి ఉండాలా, పొరుగువాడి కుక్క ఎక్కడిదాకా రావచ్చు, మా అక్క క్రిస్మసుకి ఎన్నాళ్ళు ఉండవచ్చు, అన్నిటికీ కాపలా. ఇరవై రెండేళ్ళు ఆ కాపలాలో బతికి, ఊపిరాడక, పక్క ఊరు స్పార్క్స్‌లో ఓ చిన్న వాటా అద్దెకి తీసుకుని వచ్చేశాను. ఆయన కిటికీ ఆయనకే వదిలేశాను.

ఫిబ్రవరిలో ఆయనకి గుండె కోసి కుట్టారు. దగ్గొచ్చినప్పుడు ఛాతీకి హత్తుకోమని ఆస్పత్రిలో ఓ ఎర్ర దిండు ఇచ్చారు. ఇంకెవరున్నారు గనక, నేనే వెళ్ళి సూప్ కాచి పెట్టి వస్తున్నాను, రెండు రోజులకోసారి. కిటికీ నేను తీస్తే తీసే ఉంటుంది, మూస్తే మూసే ఉంటుంది. ఉప్పు తగ్గించానంటే సరేనంటాడు. మొన్న గురువారం గిన్నెలో సూప్ పోస్తుంటే, దిండు ఒళ్ళో పెట్టుకుని, నా మొహం చూడకుండా అన్నాడు: "మళ్ళీ వచ్చెయ్యరాదూ ఓపల్." నేను గరిటె దించలేదు. "కానీ జాలిపడి అయితే వద్దు. జాలికి మనిషిని పెట్టుకుంటాను. ఆలోచించుకో. ఆదివారం ఆట అయ్యాక చెప్పు." ఇవాళే ఆదివారం. నాలుగు రోజులు ఆలోచించాను, అల్లికలో రెండు వరసలు తప్పు వేసి విప్పుకున్నాను. వస్తానని చెప్పాలనే ఉంది, ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఒక్కదాన్నీ రొట్టె ముక్క కాల్చుకు తినడం విసుగొచ్చింది. కానీ ఎవరి దగ్గరికి వెళ్తున్నాను. నేను విసిగిపోయి వచ్చేసింది ఆ కాపలావాడి దగ్గర్నుంచి, తీరా చూస్తే ఈ తొమ్మిదేళ్ళూ బెంగపడిందీ వాడి మీదే. ఈ సరే సరే అనే మనిషి ఎవరో నాకు తెలీదు. పొద్దుటి నుంచి మూడుసార్లు ఆయన పెద్ద బ్లైండు దోచాను, మూడుసార్లూ ముక్కలు మెల్లగా పారేశాడు, ఒకసారైతే చిరునవ్వు కూడా నవ్వాడు. దొంగకి అంతకంటే ఏం కావాలి. నేను మాత్రం ఆ బిళ్ళల వైపు చూడకుండా అల్లిక అందుకున్నాను.

పక్క బల్ల తేలింది, ఎవరూ పోలేదు, మారిసోల్ పంచుతోంది. నా ముందు చిన్న బ్లైండు, ఆయన ముందు పెద్ద బ్లైండు. నేను ముక్కలు చూడలేదు, చూడనక్కర్లేదు, ముందున్న నలుగురూ పారేస్తే తోసెయ్యడమే. గార్త్ పారేశాడు, లారీ తోలే గార్త్, నోరు మూతపడని మనిషి, వెండెల్‌కి అవతలి పక్క. ఆ తర్వాతివాడూ పారేశాడు. ఆ తర్వాతావిడ ఆలోచిస్తోంది. వెండెల్ చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకున్నాడు, గాటు కనపడకుండా, మెడ దగ్గర చొక్కా వదులైపోయింది, ఆ గుండీకి ఓ కుట్టు వేయాలి, కుడితే సరే అంటాడు, అదివరకైతే నా చొక్కా జోలికి రాకు అనేవాడు, ఆ కొండ దారిలో ఓ తెల్లవారుజామున నన్ను బండెక్కించుకుని తీసుకెళ్ళాడు, రూలుకి విరుద్ధం, కిటికీ రెండు పక్కలా మంచు గుప్పున లేచి పడుతుంటే నేను కేకలు పెట్టాను, ఆయన ముందుకే చూస్తూ నవ్వుతున్నాడు, ఎదురుగా అంత తెలుపు, అంతా మాదే అన్నట్టు. ఆవిడ ముక్కలు వచ్చి పడ్డాయి, ఆఖరివాడివీ వచ్చి పడ్డాయి, నా చేతులు బల్ల మీద ఉన్నవన్నీ ఒద్దికగా పోగు చేసి పారేసిన కుప్పలోకి నెట్టాయి, చిన్న బ్లైండు బిళ్ళని వేళ్ళతో పట్టి పెద్ద బ్లైండు పక్కకి జరిపాయి, ఇదిగో నాయనా ఈ ఆట నీదే అని.

"ఓపల్ గారూ!" అంది మారిసోల్. "మీ ముక్కలు!"

చూసుకున్నాను. నా ముందు ఏమీ లేదు. అందరి ముక్కలతో పాటు నావీ కుప్పలో కలిపేశాను. కుప్పలో కలిసిన ముక్క మళ్ళీ బతకదు, ఆ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో.

"చచ్చాయండీ," అంది మారిసోల్, నాకు చెప్పాల్సి వచ్చినందుకు తనే నొచ్చుకుంటూ.

వెండెల్ తన ముందుకు వచ్చిన ఆ ఒక్క బిళ్ళ వైపు చూస్తున్నాడు. "ఏంటిది? ధర్మమా?"

"భరణం అన్నా, భరణం," అన్నాడు గార్త్. "మా ఆవిడైతే నా దగ్గర ముక్కు పిండి వసూలు చేసింది. నీకేమో ఆవిడే ఎదురు ఇస్తున్నారు. ఏం జాతకం నీది!"

బల్లంతా నవ్వింది. "చేతి అలవాటు వెండెల్," అన్నాను. "నేను పంచుతున్నాననుకున్నాను. పరధ్యానం."

"అవునులే." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ బిళ్ళని మిగతావాటి మీద పేర్చలేదు, పక్కన విడిగా పెట్టాడు, ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువులా.

మళ్ళీ ఆగడం. పక్క బల్ల మీద ఎవడో తలపట్టుకు కూర్చున్నాడు, వాడు తేల్చేలా లేడు. అవతల జూదపు యంత్రాల మోత, ఎవరికో ఏదో తగిలింది కాబోలు గంటలు మోగుతున్నాయి. నాకు చెప్పుకోలేనంత కోపం వచ్చింది, ముందు నా చేతుల మీద, తర్వాత ఆయన మీద. ముప్పై ఏళ్ళు నెలకింతని తీసుకుని కుప్ప పోగుచేసిన చేతులివి, కాస్త ఏమరుపాటున వదిలితే అవి వేరే ఏం చేస్తాయి. అది ఈయనకి తెలీదా. తెలుసు. అయినా జాలి అనే అనుకుంటాడు, ఎందుకంటే అనుకోవాలని కూర్చున్నాడు, గురువారం నుంచి నా చేతిలో గరిటె చూసినప్పుడల్లా అదే వెతుకుతున్నాడు. ఇక సాయంత్రం నేను ఏం చెప్పినా అది జాలే. వస్తానంటే జాలి. రానంటే, చూశావా ఆ బిళ్ళతో చేయి కడుక్కుంది అనుకుంటాడు. నోటితో చెప్పి నమ్మించలేను, ఆ మనిషి నోటిమాటలు నమ్మే రకం ఎప్పుడూ కాదు. పైగా బల్ల దగ్గర అయినవాళ్ళ మీద మెత్తగా ఆడితే తప్పు, మొగుడైనా మాజీ మొగుడైనా, గది పెద్దకి, అంటే ఆటని కనిపెట్టే అధికారికి, అనుమానం వస్తే లేపేస్తారు కూడా. తప్పూ రూలూ అలా ఉంచి, నాకే అవమానంగా ఉంది. నేను దొంగని. ధర్మాత్మురాలినని ఎవరైనా అంటే ఊరుకోను.

తర్వాతి ఆటలో వంతు ఓ గడి జరిగింది, చిన్న బ్లైండు వెండెల్‌ది, పెద్దది గార్త్‌ది, నాకు అందరికంటే మంచి చోటు, నా తర్వాత వాళ్ళిద్దరే. అందరూ పారేశారు. నేను తోశాను, అదే చేయి, అదే జోరు. వెండెల్ నా వైపు చూడకుండా ముక్కలు పారేశాడు, అందులో మర్యాద కూడా లేదు, ఎంగిలి విస్తరి విసిరినట్టు. గార్త్ మాత్రం ముక్కల్ని పైకెత్తి దించి, పైకెత్తి దించి, "అమ్మగారి దగ్గర ఆసులుంటాయి. అల్లిక ఆపి మరీ తోశారు, ఆసులే," అని గొణిగి పారేశాడు. నా దగ్గర ఉన్నవి ఇస్పేటు తొమ్మిది, డైమను మూడు. అల్లిక ఆపింది దారం చిక్కుపడి.

ఆ తర్వాత మూడు నాలుగు ఆటలు నేను ఏం పారేశానో గుర్తులేదు, ఎడమ పక్కే చూస్తున్నాను. వెండెల్ బిళ్ళల దొంతి కరిగింది. ఇప్పుడాయన సరిగ్గా ఆ మధ్యరకం మనిషి, కాస్త ఉన్నవాడు, ఇంకొక్కడు పోయేదాకా కూర్చోగలిగితే బహుమతి దక్కేవాడు. ఆయన దగ్గరికి మళ్ళీ పెద్ద బ్లైండు వస్తోంది, నా దగ్గరికి చిన్నది. ఏం చేయాలో ఆయనే నేర్పాడు, గింజలు తోస్తూ, ఇలాంటప్పుడు ఎదుటివాడి ప్రాణం మొత్తం అడగాలి ఓపల్, సగం అడిగితే ఆలోచిస్తాడు, మొత్తం అడిగితే పారేస్తాడు అని. అడిగితే పారేస్తాడు. ఆ పారేసేది చూడలేను, అదీ నా బాధ. చిరునవ్వు నవ్వి, సరేనని, ముక్కలు మెల్లగా. అడగకపోతే జాలి, అడిగితే ఆ చిరునవ్వు. పక్క బల్ల వైపు చూశాను, దేవుడా అక్కడెవడైనా పోకూడదా అని, నేనూ అందరిలాగే మెడ సాచి. ఎవరూ పోలేదు. మారిసోల్ ముక్కలు పంచింది.

గార్త్ పారేశాడు. మిగతా ముగ్గురూ పారేశారు. ఈసారి చేతులు రెండూ నా ఒళ్ళోనే ఉంచుకున్నాను, కుదురుగా. ముక్కలు చూడలేదు. చూస్తే మంచివి ఉంటాయేమో, మంచివి ఉంటే అది దొంగతనం కాదు, ఆయనకి నా దగ్గర్నుంచి రావలసింది దొంగతనమే. ముక్కల మీద కళ్ళజోడు తీసి పెట్టి, నా బిళ్ళలు రెండు చేతులతో ముందుకు తోశాను, ఆయన దగ్గరున్నదానికంటే ఎక్కువ.

"నీ దగ్గరున్నదంతా అడుగుతున్నాను," అన్నాను.

గార్త్ ఈల వేశాడు. "భరణం వెనక్కి లాగుతోందిరోయ్!"

వెండెల్ తన ముక్కల మూలలు ఎత్తి చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు, గురువారం నుంచి మొదటిసారి, తిన్నగా. పారేయాలి. ఎవరైనా పారేస్తారు. నేర్పిన గురువు పారేయాలి. కుడిచేయి ఛాతీ మీద పెట్టుకున్నాడు, నేను లేవబోయాను, నొప్పి కాదు, ఆలోచించేటప్పుడు చేయి అక్కడికి పోవడం కొత్త అలవాటు. ఆయన వేళ్ళు ముక్కల్ని కొసల్తో పట్టుకున్నాయి. పారేస్తున్నాడు, అనుకున్నాను. సరే, పారెయ్, సాయంత్రం ఏదో ఒకటి చెప్తాను, నీకు సూప్ కాస్తాను, కిటికీ నా ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంటాను, అలాగే బతుకుదాం, అలా బతికేవాళ్ళు లేరా. వేళ్ళు ముక్కల్ని వదిలేశాయి. పక్కన విడిగా పెట్టిన ఆ ఒక్క బిళ్ళ తీసి ముక్కల మీద పెట్టాడు.

"నా బ్లైండు నాది," అన్నాడు. గొంతు పెద్దగా లేదు గానీ అది ఆ మంచు బండివాడి గొంతే. "రా, చూద్దాం."

ముక్కలు తిప్పాడు. కళావరు రాజు, నాలుగు. దానితో ప్రాణం ఒడ్డకూడదు, ఇంకొక్కడు పోతే బహుమతి చేతికొస్తుందనగా అసలే ఒడ్డకూడదు. ఎంత మూర్ఖుడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. కళ్ళజోడు తీసి నావి తిప్పాను. ఆఠీను ఏడు, ఇస్పేటు రెండు. ఈ ఆటలో ఇంతకంటే దరిద్రపు జోడు లేదు.

గార్త్ కుర్చీలోంచి లేచాడు. "దీనికా? దీనికా అంత తోశారు?"

"చూసుకోలేదా?" అన్నాడు వెండెల్.

"చూసుకోలేదు."

ఆయన చెవుల ఎరుపు తగ్గింది. మారిసోల్ మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా లెక్కకొచ్చే ముక్కలు తెరిచింది, ముందు మూడు ముక్కలు, తర్వాత ఇంకొకటి. రాజుదే పైచేయి. ఆయన గెలవాలని నాకు ఉంది, మనసారా ఉంది, దాచుకోవడానికేమీ లేదు, అయితే అది ఇప్పుడు నా చేతిలో పని కాదు, నేను చేయవలసింది చేశాను. ఆఖరి ముక్క ఏడు. నా ఏడుకి జోడు.

రెండు బల్లల వాళ్ళూ చప్పట్లు కొట్టారు, ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు, పదకొండోవాడు పోయాడు కదా, అందరికీ పండగే. గార్త్ నా భుజం తట్టాడు. మారిసోల్ బిళ్ళలన్నీ నా ముందుకు తోసింది, నేను పేర్చలేదు. ఏడుపొచ్చింది, గెలిచిన ముండకి ఏడుపేమిటి అనుకుంటూనే కళ్ళు తుడుచుకున్నాను. వెండెల్ బల్ల పట్టుకుని లేచాడు, నేను సాయం పట్టబోయి చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయన అది చూశాడు.

"సిగ్గులేని దొంగ," అన్నాడు.

"ఎవరు నేర్పారో."

"నేర్పినవాడి మీదే ప్రయోగిస్తారా ఎవరైనా?" టోపీ తీసుకున్నాడు. తీసుకుని, తలకి పెట్టుకోకుండా, అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "ఆదివారం చెప్పమన్నాను."

"చెప్తాను. సూప్ మాత్రం ఇక కాయను."

"నీ ఆట అయ్యాక ఆ స్పెయిన్ బాస్కుల హోటల్‌కి పోదాం. పొడుగు బల్ల దగ్గర అందరితో కలిసి కూర్చుని తిందాం."

"అక్కడా ముందు సూపే తెస్తారు."

"తేనీ. నువ్వు కాచింది కాదుగా." ఇంకా ఏదో అడగాలనుకున్నాడు, ఆ ఒక్క మాట. గార్త్ వింటున్నాడని అడగలేదు.

ఇంతమందిలో నేనూ చెప్పలేను. ఒళ్ళోంచి అల్లిక తీసి బల్ల మీద పెట్టాను. ఒక్కసారి చప్పట్లు కొట్టి అరచేతులు తిప్పాను, పైకీ కిందికీ, కప్పులో కెమెరాకి కాదు, ఆయనకి. ఆయన నా చేతుల వంక తీరిగ్గా చూశాడు, ఎంతోమంది గది పెద్దలు చూసినట్టే, ఏమైనా దాచిందా అని. తర్వాత తలాడించాడు.

"వస్తే వచ్చావు గానీ, కిటికీ మాత్రం మూసే ఉంటుంది," అన్నాడు.

"అదీ చూద్దాం."

మారిసోల్ కొత్త ముక్కలు పంచుతోంది, ఇక రెండు బల్లలూ ఆగి ఆగి ఆడనక్కర్లేదు. నా ఎడమ పక్క కుర్చీ ఖాళీ, దాని అవతల గార్త్, బహుమతి దక్కిందన్న ధీమాతో ముక్కల్ని వేళ్ళ కొసల్తో పట్టుకుని ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాను. వెండెల్ ఇంటికి వెళ్ళలేదు, బల్లల చుట్టూ కట్టిన తాళ్ళకి అవతల, శీతల పానీయాల యంత్రానికి ఆనుకుని నిలబడ్డాడు, టోపీ తలకి పెట్టుకుని, ఈసారి ఎవరి బ్లైండు పోతుందో చూడ్డానికి.